బ్రాకెట్‌లో ప్లస్ 17 ఉన్నా ముందు పళ్లు లోపలికి ఎందుకు వాలాయి?

డాక్టరు గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమలాపురంలో క్లినిక్ పెట్టి రెండేళ్లయింది. లంక గ్రామం నుంచి పందొమ్మిదేళ్ల అమ్మాయి పళ్లు ఎత్తుగా ఉన్నాయని వస్తే నాలుగు ఫస్ట్ ప్రీమోలార్లు (కోరపళ్ల వెనక ఉండే పళ్లు) తీయించి, 0.022 అంగుళాల స్లాట్ (వైరు కూర్చునే గాడి) ఉన్న ఎంబీటీ రకం బ్రాకెట్లు (పంటికి అంటించే బిళ్లలు) వేసి, 17×25 స్టీలు వైరు (అంగుళంలో వెయ్యో వంతుల్లో దాని ఎత్తు, వెడల్పు) మీద మినీ స్క్రూల (ఎముకలో దింపే చిన్న స్క్రూల) నుంచి నైటై (నికెల్ టైటానియం) స్ప్రింగులతో ముందు పళ్లని వెనక్కి లాగారు. మధ్యలో ముందు వరదలు, ఆ తర్వాత పరీక్షలు, ఆ అమ్మాయి రెండు నెలలు రాలేదు. వచ్చేసరికి ఖాళీలు మూసుకుపోయాయి గానీ పై ముందు పళ్లు నాలుగూ లోపలికి వాలిపోయాయి, నవ్వితే పళ్లు పొట్టిగా, చిగురు పొడుగ్గా కనిపిస్తోంది. ప్లస్ 17 టార్క్ (పన్ను ముందుకీ వెనక్కీ వాలే కోణం, ప్లస్ అంటే పంటి అంచు పెదవి వైపు) ఉన్న బ్రాకెట్ వేశాను కదా ఇలా ఎందుకైంది, హై టార్క్ కిట్ (ఆ అంకె ఇంకా ఎక్కువున్న బ్రాకెట్లు) కొనాలా, ప్రతి పేషెంటుకీ టార్క్ విడిగా ఎంచుకోవాలా అని అడిగారు.

ముందు చిన్న జవాబు. హై టార్క్ కిట్ కొనక్కర్లేదండీ. పంటి పంటికీ టార్క్ ఆలోచించుకోవడం మాత్రం తప్పదు. కానీ మీ కేసులో పళ్లు వాలింది బ్రాకెట్ అంకె తక్కువై కాదు, ఆ అంకెని పంటిదాకా మోసుకెళ్లేంత లావు వైరు స్లాట్‌లో లేక. భీమవరంలో ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నా దగ్గరికి రెండో అభిప్రాయం కోసం వచ్చే ఎక్స్‌ట్రాక్షన్ (పళ్లు తీసి చేసే) కేసుల్లో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఈ రాత్రికి ఒక పని చేయండి. డబ్బాలో మిగిలిపోయిన పై సెంట్రల్ (నడిమి ముందు పన్ను) బ్రాకెట్ ఒకటి తీసి ట్వీజర్‌తో పట్టుకుని, మీరు వాడిన 17×25 వైరు ముక్క స్లాట్‌లో పెట్టి లిగేచర్ (సన్నని కట్టు తీగ) కట్టండి. వైరు చివర ప్లయరుతో పట్టుకుని మెల్లగా మెలితిప్పండి. కొంతసేపు వైరు ఊరికే తిరుగుతుంది, బ్రాకెట్ కదలదు. ఒకచోట వైరు అంచు స్లాట్ గోడకి తగులుతుంది, చేతికి స్పష్టంగా తెలుస్తుంది, బ్రాకెట్ కదలడం అక్కణ్ణుంచే మొదలు. తర్వాత 19×25 పెట్టి చూడండి, ఆ ఊరికే తిరిగే భాగం తగ్గుతుంది. 21×25 పెడితే దాదాపు పట్టేసినట్టే ఉంటుంది. మన పొలాల్లో పార కామ వదులైతే ఏమవుతుందో మీకు తెలుసు. చెయ్యి తిరుగుతుంది గానీ పార తిరగదు. కామకి చిన్న చెక్క ముక్క కొట్టి బిగించాకే పార మన మాట వింటుంది. స్లాట్‌లో వైరు కూడా అంతే, బిగువు లేనంతవరకు ప్లస్ 17 అయినా ప్లస్ 30 అయినా పంటికి ఏమీ తెలియదు.

ఈ వదులు ఎంతో లెక్క కట్టొచ్చు. అన్నీ చెప్పిన కొలతల్లోనే ఉన్నాయి, వైరు అంచులు కత్తిలా ఉన్నాయి అనుకుంటే, 0.022 స్లాట్‌లో 17×25 వైరుకి 12 డిగ్రీల పైన, 19×25కి 7 డిగ్రీల పైన, 21×25కి 2 డిగ్రీల పైన వదులు ఉంటుంది. అసలు వైరు అలా ఉండదు కదా. అంచులు గుండ్రంగా ఉంటాయి, స్లాట్ చెప్పినదానికంటే కాస్త పెద్దది, వైరు కాస్త సన్నం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి కలుస్తాయి. అందుకే 19×25కి 10 డిగ్రీలు అని, 17×25కి 15 డిగ్రీలు లేదా ఇంకా ఎక్కువ అని మనసులో పెట్టుకుని పని చేయడం మంచిది.

ఇక్కడ కొత్తవాళ్లు చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. ఆ వదులు రెండు వైపులా ఉంటుంది. ప్లస్ 17 బ్రాకెట్‌లో 19×25 వైరు ఉందనుకోండి, ప్లస్ 7 నుంచి ప్లస్ 27 వరకు పన్ను ఎక్కడున్నా వైరు పట్టించుకోదు. లోపలికి లాగుతున్నప్పుడు పన్ను వాలుతూ వాలుతూ ప్లస్ 7 దగ్గరికి వచ్చాక వైరు అడ్డుపడుతుంది. బయటికి తోస్తున్నప్పుడైతే 27 దాటేదాకా అడ్డం రాదు. అంటే బ్రాకెట్‌లో రాసి ఉన్న అంకె పన్ను చేరే చోటు కాదు. మనం తోసే వైపుని బట్టి ఆ అంకెకి కిందో పైనో పది డిగ్రీల దూరంలో పన్ను ఆగుతుంది. మీ కేసులో 17×25, పైగా నైటై స్ప్రింగు. 17లోంచి 15 తీస్తే 2. అది కూడా వైరు కొంచెమైనా వంగకుండా ఉంటేనే, మరి అంత పొడుగు ఖాళీ మీద 17×25 వైరు వంగకుండా ఉండదు. పవర్ చెయిన్ (రబ్బరు గొలుసు) అయితే మొదటి కొన్ని రోజుల్లోనే బలం చాలావరకు పోగొట్టుకుంటుంది, పేషెంటు రాకపోయినా జరిగే నష్టం తక్కువ. నైటై స్ప్రింగు అలా కాదు, రెండు నెలలూ అదే పనిగా లాగుతూనే ఉంటుంది. మీరు చూడని ఆ రెండు నెలల్లో ఆ పళ్లు ఎటు వాలాలో అటే వాలాయి.

అసలు ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిస్తే వాటికి ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. లారెన్స్ ఆండ్రూస్ అనే అమెరికా ఆర్థోడాంటిస్టు ఏ ట్రీట్‌మెంటూ చేయించుకోని 120 మంచి పలువరసల మోడళ్లు కొలిచి, 1972లో ఆరు సూత్రాలు ప్రచురించాడు. వాటి మీదే స్ట్రెయిట్ వైర్ బ్రాకెట్ (వైరు వంచే పని తగ్గేలా కోణాలు ముందే పెట్టిన బ్రాకెట్) కట్టాడు. అందులో పై సెంట్రల్‌కి ప్లస్ 7, లేటరల్‌కి (దాని పక్క పన్నుకి) ప్లస్ 3. తర్వాత రాత్ అనే ఇంకో ఆర్థోడాంటిస్టు వాటిని 12, 8 చేశాడు. ఆ తర్వాత మెక్‌లాఫ్లిన్, బెనెట్, ట్రెవిసి ముగ్గురూ కలిసి 17, 10 చేశారు, వాళ్ల పేర్ల మొదటి అక్షరాలే ఎంబీటీ. మనుషుల పళ్లు ఈ కొద్ది ఏళ్లలో పది డిగ్రీలు మారిపోలేదు కదండీ. వాడే వైరుకి వదులు ఎంతుందో చూసుకుని, ఆ వదులుకి సరిపడా అంకె పెంచారు. ఎంబీటీ 17లోంచి 19×25 వైరు వదులు 10 తీసేయండి, ఆండ్రూస్ 7 వస్తుంది. అంటే ఎంబీటీ బ్రాకెట్ వాడేవాళ్లు 19×25 స్టీలు వాడతారన్న లెక్క ఆ బ్రాకెట్ లోపలే ఉందని నేను అనుకుంటాను. మీరు బ్రాకెట్ వాళ్లది తీసుకుని వైరు మీది పెట్టారు, లెక్క అక్కడే తప్పింది.

వైరు లోహం సంగతి కూడా చూడాలి. 19×25 నైటై పెట్టి టార్క్ వస్తోందని అనుకునేవాళ్లు ఉన్నారు. స్లాట్ చాలావరకు నిండుతుంది నిజమే గానీ మెలితిప్పినప్పుడు నైటై చాలా మెత్తన, వేరుని కదిలించేంత బలం దానికి రాదు. పై ఇన్సైజర్ (ముందు పన్ను) వేరు కదలాలంటే 5 నుంచి 20 న్యూటన్ మిల్లీమీటర్ల మధ్య మోమెంట్ (తిప్పే బలం) కావాలంటారు. టీఎంఏ (టైటానియం మాలిబ్డినం మిశ్రమం) వైరు బిగువు స్టీలులో సుమారు 40 శాతం. అందుకే స్లాట్ నింపడానికి 21×25 టీఎంఏ, పళ్లు లాగేటప్పుడు నిలబడడానికి 19×25 స్టీలు, ఈ రెండూ నా డ్రాయరులో ఎప్పుడూ ఉంటాయి.

ఇక బ్రాకెట్ ఎంచుకోవడం. పేషెంటుని కుర్చీలో కూర్చోబెట్టి, ట్రీట్‌మెంట్ ప్లాన్ మొత్తం అయిపోయాక, ప్రతి పన్నూ చూస్తూ నన్ను నేను ఒక్క ప్రశ్న వేసుకుంటాను. నేను చేయబోయే పని వల్ల ఈ పన్ను ఎటు పడిపోతుంది? ఏ కిట్, ఏ కంపెనీ, ఎంత ధర, అవన్నీ తర్వాత. పన్ను లోపలికి పడే ప్రమాదం ఉంటే అంకె పెద్దది, బయటికి పడే ప్రమాదం ఉంటే అంకె చిన్నది. ఎటూ పడే ప్రమాదం లేకపోతే చేతిలో ఉన్న ఏ బ్రాకెట్ అయినా సరిపోతుంది, దాని గురించి నిద్ర మానుకోవద్దు.

పై ముందు పళ్లు తీసుకోండి. నాలుగు పళ్లు తీసి వెనక్కి లాగే కేసుల్లో అవి లోపలికే పడతాయి, అక్కడ 17 సరైనదే, స్లాట్‌లో 19×25 స్టీలు ఉండాలి అంతే. క్లాస్ టూ డివిజన్ టూ అంటే, సెంట్రల్స్ మొదటి నుంచే లోపలికి వాలి ఉంటాయి. హై టార్క్ బ్రాకెట్‌కి డబ్బులు పెట్టడం నిజంగా గిట్టేది నాకు అక్కడ ఒక్కచోటే అనిపించింది, వైరులో మెలికలు తిప్పే పని తగ్గుతుంది. ఆ కేసుల్లో సెంట్రల్ పన్ను కాయకీ (చిగురు బయట కనిపించే భాగానికీ) వేరుకీ మధ్య వంపు ఎక్కువగా ఉండటం కూడా మామూలే, పైకి కనిపించే ముఖం సరైన కోణానికి వచ్చినా వేరు కొన ఎముక చివరికి పోతుంది. అందుకని ఎక్స్‌రేలో వేరు చూడకుండా పంటి ముఖాన్ని నమ్మొద్దు. క్లాస్ త్రీకి (కింది పళ్లు ముందుకున్న కేసుకి) సర్జరీ లేకుండా ఎలాస్టిక్స్‌తో (రబ్బరు బ్యాండ్లతో) సర్దుతున్నప్పుడు పై పళ్లు బయటికి పోతాయి. అక్కడ 17 వేస్తే 27 దాకా అడ్డమే ఉండదు, ప్లస్ 7 వేస్తే 17 దగ్గర ఆగుతుంది. అదే పేషెంటుకి కింది పళ్లు లోపలికి పడతాయి కాబట్టి కింది ఇన్సైజర్ బ్రాకెట్లు తలకిందులుగా తిప్పి, మైనస్ 6ని ప్లస్ 6 చేస్తాను.

కింది పళ్లకి మామూలు కేసుల్లో ప్రమాదం బయటివైపే. పళ్లు తీయకుండా ఇరుకు సర్దినా, క్లాస్ టూ ఎలాస్టిక్స్ (పై పళ్లని వెనక్కి, కింది పళ్లని ముందుకి లాగే రబ్బర్లు) వేసినా అవి పెదవి వైపు వాలతాయి. మైనస్ 6 ఉంటే 19×25 మీద ప్లస్ 4 దగ్గర ఆగుతుంది, మైనస్ 1 ఉంటే ప్లస్ 9 దాకా పోతుంది. అయిదు డిగ్రీలే కదా అనుకోకండి, కింద ముందు ఎముక పలచగా ఉండే మనిషికి ఆ అయిదు డిగ్రీలే చిగురు జారడానికీ జారకపోవడానికీ తేడా. అయితే ఇరుకు సర్దేది గుండ్రటి వైర్ల మీద, అక్కడ బ్రాకెట్ టార్క్‌కి పనే లేదు, పళ్లు అప్పుడే వాలిపోతాయి. మొదటి నెలల్లోనే వైరు వెనక చివర వంచడం, లేస్‌బ్యాక్ (కోరపన్నునీ దవడ పన్నునీ కలిపే సన్నని తీగ) కట్టడం, అవసరమైతే పళ్ల మధ్య కాస్త అరగదీయడం, ఇవి చేయకుండా తర్వాత మైనస్ 6 కాపాడుతుందిలే అని కూర్చోకూడదు.

లేటరల్స్ గురించి ఒక కేసు చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏడు, నరసాపురం వైపు పల్లె నుంచి పదిహేనేళ్ల కుర్రాడు వచ్చాడు. పై లేటరల్స్ రెండూ అంగిలి వైపు ఉండిపోయి కింది పళ్ల వెనక కొరుకుతున్నాయి. ఖాళీ చేశాను, ముందుకు తెచ్చాను, వరస కుదిరింది, ఫోటో తీస్తే ఎంతో బాగుంది, బ్రాకెట్లు తీసేశాను. రెండేళ్లకి వాళ్లక్క పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చినప్పుడు నోరు తెరవమన్నాను. ఎడమ లేటరల్ మళ్లీ లోపలికి జారుతోంది. పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టి తడిమాను. సెంట్రల్ మీద వేరు గట్టులా తగిలింది, కోరపన్ను మీద ఇంకా పెద్ద గట్టు, ఆ రెండింటి మధ్య వేలు గుంటలోకి దిగిపోయింది. అక్కడ వేరు లేదు. కాయని ముందుకు తెచ్చాను గానీ వేరు అంగిలి వైపే వదిలేశాను. ఆ గుంట ఇప్పటికీ నా వేలికి గుర్తుంది. ఆ కుర్రాడికి డబ్బులు తీసుకోకుండా మళ్లీ చేశాను, ఇంకో పది నెలలు పట్టింది.

లెక్క చూస్తే ఎందుకైందో తెలుస్తుంది. ప్లస్ 10 బ్రాకెట్, 10 వదులు, అంటే 0 నుంచి ప్లస్ 20 మధ్య వైరు ఏమీ చేయదు. కాయని తోసుకొచ్చాక ఆ పన్ను ప్లస్ 15 దగ్గర ఉంది, వైరు దృష్టిలో అంతా బాగున్నట్టే. అదే బ్రాకెట్‌ని 180 డిగ్రీలు తిప్పి తలకిందులుగా అంటిస్తే ప్లస్ 10 కాస్తా మైనస్ 10 అవుతుంది, టిప్ (పన్ను పక్కకి వాలే కోణం) మారదు. అప్పుడు ప్లస్ 15లో ఉన్న పన్నుని వైరు 0 దాకా నెట్టుకొస్తుంది, కాయ జరగకుండా పట్టుకుంటే వేరు పెదవి వైపు వస్తుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. తిప్పిన బ్రాకెట్ మీద రంగు చుక్క తప్పు మూలలో కనిపిస్తుంది, అది ఊడిపోయినప్పుడు ఇంకెవరైనా అంటిస్తే 'సరిచేసి' అంటించేస్తారు, కాబట్టి కేస్ షీటులో ఎర్ర ఇంకుతో రాయండి. రెండోది, 19×25 స్టీలు మీద కనీసం నాలుగు నెలలు ఉంచండి, చిగురు మీద గుంట పూడే దాకా బ్రాకెట్లు తీయకండి. పేషెంటుకి పరీక్షలనీ, పెళ్లనీ తొందరుంటుంది, మనం ఒప్పుకోకూడదు.

కోరపళ్లకి ఎంబీటీలో మైనస్ 7, 0, ప్లస్ 7 మూడూ దొరుకుతాయి. చాలామంది కిట్‌లో ఏది వస్తే అది వేస్తారు. నేను వేలితో తడిమి చూసి వేస్తాను. వేరు బయటికి ఉబ్బి, చిగురు పైకి జారుతున్నట్టుంటే 0 గానీ ప్లస్ 7 గానీ, వేరు ఎముక మధ్యలోకి పోవాలి. ప్రీమోలార్లు తీసిన కేసుల్లో కూడా కోరపన్ను వేరు బయటి గట్టి ఎముకకి రాసుకుంటూ వెనక్కి నడిస్తే కదలిక కష్టం, అక్కడ 0 హాయిగా ఉంటుంది. లేటరల్స్ పుట్టుకతోనే లేనివాళ్లకి కోరపళ్లని వాటి చోట పెట్టేటప్పుడు ప్లస్ 7 కావాలి, లేకపోతే ఆ వేరు గట్టు ముందుకు పొడుచుకొచ్చి అది కోరపన్నే అని ఎవరికైనా తెలిసిపోతుంది. మైనస్ 7ని తిప్పి ప్లస్ 7 చేసుకోవచ్చు గానీ హుక్ (స్ప్రింగు తగిలించే కొక్కెం) ఉన్న బ్రాకెట్ తిప్పితే హుక్ కొరికే వైపు వస్తుంది, కింది పన్ను తగులుతుంది. కాబట్టి హుక్ లేని కెనైన్ (కోరపంటి) బ్రాకెట్లు కొన్ని విడిగా తెచ్చి పెట్టుకోండి. మీరు అడిగిన రెండో కిట్ డబ్బులు వీటికి పెట్టండి, విడి లేటరల్స్, 0 కెనైన్లు, సరిపోతుంది.

దవడ పళ్ల గురించి పెద్దగా చెప్పను. పై మోలార్‌కి మైనస్ 14 ఎందుకు పెట్టారంటే అంగిలి వైపు మొన కిందికి వేలాడకూడదని, కింది రెండో మోలార్‌కి ఆండ్రూస్ మైనస్ 35 తగ్గించి మైనస్ 10 ఎందుకు చేశారంటే పన్ను నాలుక వైపు దొర్లకూడదని. ఇవి తెలిస్తే చాలు.

బ్రాకెట్ ఎంత బాగా ఎంచుకున్నా అంటించే ఎత్తు తప్పితే అంతా పోతుంది. పంటి ముఖం చదునుగా ఉండదు, వంపుగా ఉంటుంది. పై సెంట్రల్ మీద బ్రాకెట్ చిగురు వైపు జరిగితే టార్క్ తగ్గుతుంది, అంచు వైపు జరిగితే పెరుగుతుంది. వంపు ఎక్కువున్న పంటి మీద ఒక్క మిల్లీమీటరు తేడా చాలు, పది డిగ్రీల దాకా మారొచ్చు. పదిహేడా ఇరవై రెండా అని వారం రోజులు ఆలోచించి, అంటించేటప్పుడు గేజ్ పెట్టకుండా కంటి అంచనాతో అంటించేస్తే ఆ ఆలోచన వృథా. బ్రాకెట్ కింద కాంపోజిట్ (అంటించే పదార్థం) ఒకవైపు దళసరిగా మిగిలినా అంతే, గట్టిగా నొక్కి, చుట్టూ వచ్చింది తీసేసి, అప్పుడు లైటు పెట్టండి.

ఇప్పుడు మీ పేషెంటు అమ్మాయి సంగతి. ముందు స్ప్రింగులు తీసేయండి, ఈ వారంలోనే. స్క్రూ నుంచి హుక్‌కి మామూలు స్టీలు లిగేచర్ కట్టండి, లాగకుండా, ఊరికే పట్టుకునేలా. ఇది ముఖ్యం, ఎందుకంటే ఇకనుంచి మనం ఇచ్చే టార్క్ వేరుని వెనక్కి నెట్టడానికి ముందు కాయని ముందుకు నెట్టాలని చూస్తుంది. కాయ కదలకుండా కట్టేస్తేనే ఆ బలమంతా వేరుకి పోతుంది, లేకపోతే మీరు కష్టపడి మూసిన ఖాళీ మళ్లీ తెరుచుకుంటుంది. ముందు పళ్లు నాలుగూ కలిపి ఫిగర్ ఎయిట్ (8 ఆకారంలో తీగ) కట్టండి, వైరు చివర్లు వంచండి.

తర్వాత లాటరల్ సెఫలోగ్రామ్ (సెఫ్, తలకి పక్క నుంచి తీసే ఎక్స్‌రే) తీయించండి, ముందు పళ్లకి చిన్న ఎక్స్‌రేలు కూడా. మొదటి సెఫ్ పక్కన పెట్టి పోల్చండి. చూడాల్సింది రెండు, వేరు కొనలు అరిగాయా, వేరు వెనక్కి రావడానికి అంగిలి వైపు ఎముక ఎంత మిగిలింది. ఎముక పలచగా ఉంటే అనుకున్నంత టార్క్ ఇవ్వకూడదు. గట్టి ఎముకకి రాసుకుంటూ వేరుని తోస్తే అది కరిగిపోతుంది, పలువరస అందం కోసం వేరు పోగొట్టుకోవడం న్యాయం కాదు. వేరు కొనలు ఇప్పటికే మొద్దుబారి ఉంటే రెండు మూడు నెలలు వైరు ఊరికే ఉంచి విశ్రాంతి ఇవ్వండి.

ఎముక ఉంది, పళ్ల వేర్లు బాగున్నాయి అంటే, ముందు 19×25 స్టీలు, మెలికలు లేకుండా. పళ్లు ఇప్పుడు మైనస్ 3 దగ్గర ఉన్నాయనుకుంటే బ్రాకెట్ వాటిని ప్లస్ 7 దాకా తీసుకురావాలి, పది డిగ్రీల పని, మొదటి విడతకి అది చాలు. చాలామంది తొందరపడి మొదటి రోజే వైరులో 20 డిగ్రీలు మెలితిప్పి గుచ్చేస్తారు, పేషెంటుకి నొప్పి, బ్రాకెట్లు ఊడటం, వేర్ల మీద భారం. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి. తర్వాత 21×25 టీఎంఏ పెడితే 14 దాకా పోతుంది, మెత్తగా పోతుంది. ఖాళీలు మూసేశారు కాబట్టి టీఎంఏ జారదన్న బాధ కూడా లేదు. ముందు పళ్లకి ఇలా వేరు వెనక్కి పోయే టార్క్ ఇస్తే అవి కాస్త కిందికి దిగుతాయి, బైట్ లోతవుతుంది (పై పళ్లు కింది పళ్లని ఎక్కువ కప్పుతాయి), ఆ అమ్మాయికి చిగురు ఇప్పటికే ఎక్కువ కనిపిస్తోంది కదా. అందుకని పై వైరులో కర్వ్ (పైకీ కిందికీ ఉండే వంపు) కొంచెం ఎక్కువ పెట్టండి, అది ముందు పళ్లని పైకి లేపుతూనే టార్క్‌కీ సాయం చేస్తుంది.

ప్రతి విజిట్‌కీ ముందు నుంచే కాదు, పక్క నుంచీ, తల వెనక నిలబడి పై నుంచీ పళ్లు చూడండి. పన్ను లోపలికి వాలితే దాని ముఖం కిందికి తిరుగుతుంది, లైటు వెలుగు పడే చోటు మారి మిగతా పన్ను చప్పగా కనిపిస్తుంది. టార్క్ వస్తున్న కొద్దీ ఆ వెలుగు గీత జరుగుతుంది. ఫోటో ఎప్పుడూ ఒకే కుర్చీలో, ఒకే లైటులో తీస్తే ఆ గీత జరగడం మీకే కనిపిస్తుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. ముందు పళ్ల వాలు 5 డిగ్రీలు మారితే ఆర్చ్ (పలువరస) పొడవు దాదాపు ఒక మిల్లీమీటరు మారుతుంది. పై పళ్లు లోపలికి వాలి ఉన్నంతకాలం దవడ పళ్లు క్లాస్ వన్‌లో (పై కింది పళ్లు సరిగ్గా కలిసే స్థితిలో) కూర్చోవు, కూర్చోబెడితే ఎక్కడో సందు మిగులుతుంది. వెనక పళ్లు ఎందుకు కుదరడం లేదని ఎలాస్టిక్స్ మీద ఎలాస్టిక్స్ వేసే ముందు ఒకసారి ముందు పళ్ల టార్క్ చూడండి.

లంకల నుంచి వచ్చే పేషెంట్లకి నేనొక పద్ధతి పెట్టుకున్నాను, మీకు పనికొస్తుందేమో. సఖినేటిపల్లి వైపు వాళ్లు పంటు మీద గోదావరి దాటి వస్తారు, వరద వస్తే పంటు ఆపేస్తారు, జులై నుంచి సెప్టెంబరు దాకా ఎవరు వస్తారో ఎవరు రారో చెప్పలేం. ఆ నెలల్లో వాళ్లకి నైటై స్ప్రింగు కొత్తగా మొదలుపెట్టను. 19×25 స్టీలు పూర్తిగా కూర్చున్నాక, అది కూడా కనీసం నెల రోజులు ఊరికే ఉంచాక, అప్పుడే లాగడం. స్క్రూ నుంచి లాగేటప్పుడు హుక్ కాస్త పొడుగ్గా పెడితే లాగే గీత వేరు వైపు పైకి పోతుంది, వాలడం తగ్గుతుంది. స్ప్రింగు బలం ఒక్కో వైపు 150 నుంచి 200 గ్రాముల మధ్యే, గేజ్‌తో కొలిచి పెట్టండి.

ఆ అమ్మాయి వాళ్లమ్మకి మీరే పిలిచి చెప్పండి. ఇంకో ఎనిమిది నుంచి పది నెలలు పడుతుంది, ఆ నెలలకి ఫీజు తీసుకోవద్దు. కాలవ గట్టు మీద కొబ్బరి చెట్టు నీళ్లవైపు వాలితే తల ఒక్కటే తాడు కట్టి లాగితే నిలబడదు, మొదలు కదలాలి, మీ అమ్మాయికి ఇప్పుడు ఆ మొదలు కదిలించే పని మిగిలింది అని చెప్తే మన వైపు ఎవరికైనా అర్థమవుతుంది. చెప్పకుండా లాగిస్తే మాత్రం ఆరో నెలకి వాళ్లకి మీ మీద నమ్మకం పోతుంది.

సెఫ్ తీయించాక పై ఇన్సైజర్ కోణం మొదట ఎంత, ఇప్పుడు ఎంత, అంగిలి వైపు ఎముక మందం ఎంత, ఈ మూడూ రాయండి. 21×25 తర్వాత వైరులో ఇంకా మెలిక కావాలా, 14తో ఆపేయాలా అనేది అవి చూసి చెప్తాను.